నెల తప్పడం, తప్పు పట్టడం: కౌమారంలో శరీరభారం, ఋతుక్రమం, నైతిక బాధ్యత

తెలుగులో 'తప్పు' ధాతువు వ్యాప్తి విస్తృతమైనది. గురి తప్పుతుంది, లెక్క తప్పుతుంది, దారి తప్పుతుంది. జాతరలో పిల్లవాడు తప్పిపోతాడు. గండం తప్పినప్పుడు దేవుడికి దణ్ణం పెట్టుకుంటాం. 'వెళ్ళక తప్పదు' అన్నప్పుడు అదే ధాతువు అనివార్యతను చెబుతుంది. క్రియగా దీని ప్రధానార్థం ఒక్కటే: చేరవలసినచోటికి చేరకపోవడం, జరగవలసినది జరగకపోవడం. ఇందులో సహజంగా నింద లేదు. 'మాట తప్పడం' వంటి ప్రయోగాలలో కనిపించే నింద మాట ఇచ్చిన మనిషి సంకల్పం నుంచి వస్తుందే గాని క్రియ నుంచి కాదు. ఇదే శబ్దం నామవాచకం అయ్యేసరికి స్వభావం మారిపోతుంది. తప్పు అంటే దోషం, అపరాధం. కులపంచాయితీల వ్యవహారంలో 'తప్పు కట్టడం' అంటే జరిమానా చెల్లించడం కూడా. కన్నడ, తమిళాలలోనూ ఈ రెండర్థాలు పక్కపక్కనే ఉన్నాయి కనుక ఇది తెలుగు చేసుకున్న ప్రత్యేకమైన ముడి కాదు; కుటుంబంలో పాతకాలం నుంచి ఉన్నదే.

ఈ ముడి ఎక్కడ బిగుసుకుంటుందో చూడడానికి 'నెల తప్పింది' అనే జాతీయాన్ని తీసుకుంటాను. 'ఆమెకు నెల తప్పింది' అన్నప్పుడు కర్త నెల. 'ఆమె నెల తప్పింది' అన్నప్పుడు కర్త ఆమె. స్త్రీవాచక ఏకవచనం క్రియారూపంలో అమహత్తుతో కలిసిపోవడం వల్ల రెండుచోట్లా క్రియ ఒకే రూపంలో ఉంటుంది. కేవలం 'నెల తప్పింది' అని వదిలేస్తే, తప్పినది నెలా, అమ్మాయా అన్నది వ్యాకరణం తేల్చదు. వినేవాడు తేల్చుకుంటాడు. పైగా ఈ మాటకు రూఢ్యర్థం గర్భధారణ. వివాహిత విషయంలో అది శుభవార్త. పదహారేళ్ళ అవివాహిత విషయంలో అదే మాట అభియోగం. ఋతుక్రమం ఆగడానికి ఇతర కారణాలు ఎన్ని ఉన్నా, వాటికి వ్యవహారంలో నిందారహితమైన వేరే జాతీయం లేదు. 'ముట్లుడగడం' వయసు మళ్ళినవారికి. 'నష్టార్తవం' ఆయుర్వేద గ్రంథాలలో మాట. ఏ తల్లీ కూతురి గురించి అలా అనదు. ఇటీవల స్థిరపడిన 'నెలసరి' కొంత మర్యాదగా వినిపిస్తున్నా, అది రాకపోతే మళ్ళీ 'నెలసరి తప్పింది' అనే అంటాం. బడిపిల్లల పలకమీద గురువు రాసే 'సరి', 'తప్పు' రెండూ ఇలా ఒకే మాటలోకి వచ్చి కూర్చున్నాయి. నెలసరిలోని సరికి మూలంలో ఆ అర్థం ఉన్నదని నేననడం లేదు. చెవికి అలా తగులుతుందని మాత్రమే అంటున్నాను.

ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచినది భాషాశాస్త్ర సమస్య కాదు, నైతిక సమస్య. కౌమారంలో శరీరభారానికీ ఋతుక్రమానికీ కార్యకారణ సంబంధం ఉన్నది. ఈ సంబంధం ఒక వాస్తవం. ఆ వాస్తవం నుంచి బాధ్యత ఎవరిదన్న తీర్పుకు మనం ఎలా దాటుతున్నాం? ఆ దాటడం న్యాయమేనా?

ఈ ప్రశ్న నాకు పుస్తకాల నుంచి రాలేదు. చాలా ఏళ్ళ క్రితం ఒక మహిళా కళాశాల వసతిగృహానికి ఉపసంరక్షకురాలిగా ఉన్నప్పుడు, డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయికి మూడు నెలలుగా బయట చేరడం లేదని ఆమె గదిలో ఉండే పిల్లలు వచ్చి చెప్పారు. ఆ అమ్మాయిని పిలిపించి, తలుపు దగ్గరగా వేసి, నేనడిగిన మొదటి ప్రశ్న: "ఏమైనా తప్పు చేశావా?" ఆమె ఏడవలేదు. "నేనేం తప్పు చేయలేదు మేడమ్. రాత్రిపూట తినడం మానేశాను, అంతే" అంది. ఆ ఎండాకాలం ఇంట్లో సంబంధం చూశారట. వచ్చినవాళ్ళలో ఒకావిడ 'పిల్ల కాస్త ఒళ్ళు చేసింది' అన్నదట. అప్పటినుంచి పొద్దున టీ, మధ్యాహ్నం సగం అన్నం. నేను ఆ రోజు చూసినప్పుడు ఆమె మెడ ఎముకలు బయటికి కనబడుతున్నాయి. కనబడుతున్నా నాకు తట్టిన ప్రశ్న అది. నా చదువు, నా వయసు, పిల్లలపట్ల నాకున్నదనుకున్న సానుభూతి ఏవీ ఆ ప్రశ్నను ఆపలేదు. దాన్ని నాచేత అడిగించినది కేవలం నా దుస్స్వభావమని అనుకోవడం సులభం. అంతకంటె లోతైన అలవాటు ఒకటి ఉన్నదని ఇప్పుడు అనుకుంటున్నాను.

ముందు శరీరం సంగతి చూద్దాం. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రోజ్ ఫ్రిష్, రోజర్ రెవెల్ 1970లో 'సైన్స్' పత్రికలో ఒక పరికల్పన ప్రకటించారు. అమ్మాయిలు త్వరగా రజస్వలలైనా, ఆలస్యంగా అయినా, ఆ సమయానికి వారి సగటు బరువు దాదాపు 47 కిలోల దగ్గర ఉంటున్నదని వారు గమనించారు. శరీరం ఒక నిర్ణీత భారాన్ని అందుకున్నాకే ఋతుచక్రం మొదలవుతుందని దీని సారాంశం. తరవాత ఫ్రిష్ బరువు నుంచి కొవ్వు నిష్పత్తికి మారి, నర్తకీమణులలో, క్రీడాకారిణులలో ఋతువు ఆలస్యం కావడాన్ని, ఆగిపోవడాన్ని ఆ కోణం నుంచి వివరించారు. దీనిపై వచ్చిన విమర్శ నైతిక విచారణకు కూడా పనికివస్తుంది. సమూహంలో సగటు స్థిరంగా ఉన్నంతమాత్రాన అది ఒక్కొక్క అమ్మాయి దాటవలసిన గడప కాదు. ఆ సగటుకు ఎంతో దిగువన రజస్వలలైనవారూ, ఎంతో ఎగువన ఇంకా కానివారూ ఉన్నారు. గడప వాదం నిలవలేదు గాని, శరీరంలోని నిల్వలకూ ఋతువుకూ సంబంధం ఉన్నదన్న మూలభావం నిలిచింది. 1994లో కనుగొన్న లెప్టిన్ అనే హార్మోను దానికి ఒక యంత్రాంగాన్ని చూపింది. కొవ్వు కణాలు విడుదల చేసే ఈ హార్మోను నిల్వల సమాచారాన్ని మెదడులోని హైపోథలామస్‌కు చేరవేస్తుంది. తినేది తగ్గి, ఖర్చు పెరిగి, నిల్వలు అడుగంటినప్పుడు హైపోథలామస్ నుంచి అండాశయాలకు వెళ్ళవలసిన హార్మోన్ల సంకేతాలు మందగిస్తాయి. నెల ఆగుతుంది. గర్భాన్ని మోయలేని కాలంలో శరీరం ఆ ఖర్చును వాయిదా వేస్తున్నదని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

అధికభారం వైపు మార్గం వేరు. కొవ్వు కణజాలం పురుష హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుంది. ఇన్సులిన్ సరిగా పనిచేయక దాని మోతాదు పెరిగినప్పుడు అండాశయాలు పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి. అండం విడుదల కాదు. నెలలు దూరమవుతాయి, వచ్చినప్పుడు రక్తస్రావం అతిగా ఉండవచ్చు. నేడు ప్రతి ఇంటా వినబడుతున్న పీసీఓఎస్‌కు ఈ క్రమంతో దగ్గర సంబంధం ఉన్నది. అయితే సన్నగా ఉన్న అమ్మాయిలలో కూడా పీసీఓఎస్ ఉంటుంది. లావుగా ఉండి క్రమం తప్పనివారు లెక్కలేనంతమంది. అన్నిటికంటె ముఖ్యం, రజస్వల అయిన తొలి రెండుమూడేళ్ళలో అండం విడుదల కాని చక్రాలు మామూలు. ఆ వయసులో 21 రోజుల నుంచి 45 రోజుల వరకు ఎడం ఉండడం అసహజం కాదు. పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాకపోయినా, వచ్చినది మూడు నెలలకు మించి ఆగినా వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. అంటే ఒకే లక్షణం ఎదురెదురు కారణాల నుంచి పుట్టవచ్చు, ఏ కారణమూ లేకుండా వయోధర్మంగానూ ఉండవచ్చు. థైరాయిడ్ లోపం, క్షయ వంటి దీర్ఘవ్యాధులు వేరే. ఒంటిని చూసి చెప్పగలిగినది చాలా తక్కువ. అయినా మనం చూసే చెబుతాం.

కొలత కూడా చూపు నుంచి పూర్తిగా విడివడలేదు. ఎత్తు వర్గంతో బరువును భాగించే సూచికను పంతొమ్మిదో శతాబ్దిలో రూపొందించిన బెల్జియం గణాంకవేత్త కెట్లే, జనసమూహాల సగటు స్వరూపం కోసం వెతికాడు. ఒక్క మనిషి ఆరోగ్యం తేల్చడం అతని ఉద్దేశం కాదు. దానికి నేటి పేరు పెట్టినది 1972లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు అన్సెల్ కీస్ బృందం. భారతీయ శిశువైద్యుల అకాడమీ 2015లో సవరించిన పట్టికలలో, మన పిల్లల శరీర స్వభావాన్ని దృష్టిలో ఉంచుకొని, అధికభారానికి వయోజనుల 23కు సమానమైన గీతను ఎంచుకున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టికలో ఆ గీత 25 దగ్గర ఉన్నది. ఒకే అమ్మాయి ఒక పట్టికలో సరి, మరొక పట్టికలో అధికం. గీత జరపడం వెనక మంచి కారణాలే ఉన్నాయి. కాని గీత మనుషులు గీసినదన్న స్పృహ, బడిలో బరువు తూచి అందరిముందూ చదివే ఉపాధ్యాయుడికి ఉండడం లేదు.

శరీర స్వరూపాన్ని నిందతో ముడిపెట్టడం మన వైద్య వాఙ్మయంలో బాహాటంగానే ఉన్నది. చరకసంహిత సూత్రస్థానంలో ఇరవైయొకటో అధ్యాయం పేరు అష్టౌనిందితీయం. నిందితమైన ఎనిమిది రకాల శరీరాలలో అతిదీర్ఘం, అతిహ్రస్వం మొదలైన వాటితోపాటు అతిస్థూలం, అతికృశం ఉన్నాయి. అధ్యాయంలో ఎక్కువ భాగం ఈ చివరి రెండింటికే. పేరు నిందే అయినా, లోపలికి వెళ్ళి చూస్తే చరకుని చూపు తీర్పరిది కాదు. స్థౌల్యానికి అతిభోజనం, వ్యాయామం లేకపోవడం, పగటినిద్ర చెబుతూ బీజస్వభావాన్ని కూడా చేర్చాడు. కార్శ్యానికి రూక్షాహారం, ఉపవాసం, నిద్రను ఆపుకోవడంతోపాటు శోకాన్ని చెప్పాడు. పుట్టుకతో వచ్చినది, దుఃఖంవల్ల వచ్చినది మనిషి అపరాధం ఎలా అవుతుంది? శీర్షికలో ఉన్న నింద హేతువుల జాబితా దగ్గర నిలవలేకపోయింది. మనం శీర్షికను గుర్తుపెట్టుకున్నాం, జాబితాను మరిచాం.

మన వాడుకలో ఈ శీర్షిక ఇంకా బతికే ఉన్నది. సన్నబడిన పిల్ల 'చిక్కిపోయింది'. అది ఆమెకు జరిగినది. లావైన పిల్ల 'ఒళ్ళు చేసింది'. అది ఆమె చేసినది. మగవాడు కూడా ఒళ్ళు చేస్తాడు నిజమే, కాని అతను చేసిన ఒళ్ళు పెళ్ళిచూపులలో లెక్కకు రాదు.

ఇక్కడ తర్కశాస్త్రం కొంత తోడ్పడుతుంది. అన్నంభట్టు తర్కసంగ్రహం కార్యానికి ముందు నియతంగా ఉండేదాన్ని కారణం అంటుంది. ముందున్నదల్లా కారణం కాదు. విశ్వనాథుని కారికావళి కారణాల లెక్కలోకి రాని అన్యథాసిద్ధాలు అయిదింటిని చెబుతుంది. మట్టి మోసిన గాడిద వాటిలో ఒకటి; మరో గాడిదైనా, మనిషైనా మోయవచ్చు గనుక అది నియతం కాదు. నాకు ఎప్పుడూ ఆసక్తి కలిగించేది నాలుగోది, కుమ్మరి తండ్రి. అతను లేకపోతే కుమ్మరి లేడు, కుమ్మరి లేకపోతే కుండ లేదు. అయినా కుండకు అతను కారణం కాడు. కుమ్మరికి కారణం కావడం ద్వారానే అతను కుండకు ముందువాడవుతున్నాడు. తర్కానికి ఇది అవసరమైన పొదుపు. ఇలా ఆగకపోతే కారణాల వరస ఆదికల్పం దాకా పోతుంది.

నైతిక విచారణలో మాత్రం ఈ పొదుపు అన్యాయానికి దారితీయగలదు. నెల ఆగడానికి సన్నిహిత కారణం శరీరభారం. శరీరభారానికి సన్నిహిత కారణం ఆ అమ్మాయి తిన్నది, తిననిది. అక్కడ ఆగితే కర్త దొరికింది, కేసు ముగిసింది. ఆమెకు ఏమి దొరుకుతున్నదో, వడ్డన ఎవరితో మొదలై ఎవరితో ముగుస్తున్నదో, గర్భంలో ఉన్నప్పుడు తల్లికి ఏమి దక్కినదో ఇవన్నీ కుమ్మరి తండ్రులుగా పక్కకు పోతాయి. ఇంటర్మీడియట్ వసతి కళాశాలలో తెల్లవారుజామున మొదలై రాత్రిదాకా సాగే చదువు గంటల మధ్య ఆటస్థలం ఎందుకు లేదో, ఉన్నచోట ఆడపిల్లకు అందులో భాగం ఎంతో అడగవలసిన పని ఉండదు. తర్కంలో కుమ్మరి తండ్రికి జవాబుదారీ లేదు. అతనికి కుండ సంగతి తెలియదు. ఇక్కడి తండ్రులకు తెలుసు. వారిలో చాలామంది ఇప్పటికీ వడ్డిస్తూనే ఉన్నారు, లేదా వడ్డించకుండా ఉన్నారు.

ఎదురుగా ఒక చారిత్రక సందర్భాన్ని పెట్టి చూడవచ్చు. 1944-45 చలికాలంలో నాజీ ఆక్రమణలో ఉన్న పశ్చిమ నెదర్లాండ్స్‌లో ఆహార సరఫరా తెగిపోయి నగరాలు ఆకలితో అల్లాడాయి. ప్రసవవయసులో ఉన్న స్త్రీలలో దాదాపు సగంమందికి ఋతుక్రమం ఆగింది; తిండి దొరికాక తిరిగి వచ్చింది. వైద్యులు దాన్ని నమోదు చేశారు, ప్రపంచం చదివింది. ఆ స్త్రీలు ఏం తప్పు చేశారని ఎవరూ అడగలేదు. కారణం రేషన్ కార్డు మీద అచ్చువేసి ఉన్నది గనుక. ఒక ఊరంతా ఆకలిగా ఉన్నప్పుడు కనబడే కారణం, ఒక ఇంట్లో ఒక్క పిల్ల ఆకలిగా ఉన్నప్పుడు కనబడదు. శరీరం లోపల నడిచిన క్రమం రెండుచోట్లా ఇంచుమించు ఒకటే. మన దేశంలో 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-19 ఏళ్ళ అమ్మాయిలలో 59 శాతం మందికి రక్తహీనత ఉన్నది. పదిమందిలో ఆరుగురికి ఉన్నదాన్ని ఒక్కొక్కరి తిండి అలవాటుగా వివరించబూనడం, నెదర్లాండ్స్ స్త్రీలను వంట సరిగా చేసుకోలేదని ఆక్షేపించడం వంటిది.

దీనికి బలమైన ఆక్షేపణ ఒకటి ఉన్నది. బాధ్యతనంతా చుట్టూ ఉన్నవారికి పంచిపెడితే అమ్మాయి కర్తృత్వం ఏమవుతుంది? నా దగ్గరికి వచ్చిన అమ్మాయి రాత్రి అన్నం మానాలని తానే నిర్ణయించుకున్నది. ఆమెను కేవలం పరిస్థితుల కీలుబొమ్మగా చూడడం కూడా అవమానమే కదా? పైగా, బరువు ప్రస్తావన నొప్పిస్తుందని వైద్యులు మౌనం వహిస్తే, పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి మధుమేహం పొంచి ఉన్నదని ఎవరు చెప్పాలి?

ఈ ఆక్షేపణలో రెండో భాగాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తాను. మౌనం దయ కాదు. అధికభారంతో పీసీఓఎస్ ఉన్నవారిలో కొద్దిపాటి బరువు తగ్గినా చాలామందికి క్రమం కుదుటపడుతున్నదన్నది నిజం, చెప్పవలసిన నిజం. అయితే 'బరువు ఒక కారణం' అనడానికీ, 'బరువు తగ్గి రా, అప్పుడు చూద్దాం' అనడానికీ మధ్య దూరం ఉన్నది. మొదటిది సమాచారం. రెండోది శిక్ష విధించి, అది అనుభవించాకే చికిత్స అనడం. మరికొన్ని ఇళ్ళలో వినబడే 'పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయి' అన్నమాట గురించి వాదించవలసినది ఏమీ లేదు. అది వైద్యమూ కాదు, తర్కమూ కాదు.

మొదటి భాగం కష్టమైనది. ఆ అమ్మాయి నిర్ణయం తీసుకున్నదన్నది కాదనలేం. నిర్ణయించే శక్తి ఉన్నదని గుర్తించడం వేరు, నిర్ణయానికి దోషిని చేయడం వేరని నా అభిప్రాయం. ఆమె ముందున్న రెండు దారులలో ఒకటి, తిని, వచ్చినవాళ్ళచేత మాట అనిపించుకోవడం. రెండోది, మాని, నా వంటివాళ్ళచేత అనుమానించబడడం. ఈ రెండు దారులూ ఆమె వేసుకున్నవి కావు. వాటి మధ్య ఎంచుకున్నందుకు ఆమె కర్తే. కాని ఆమె కర్తృత్వాన్ని గౌరవించడమంటే మూడో దారి ఒకటి ఉన్నదని చెప్పి, దాన్ని తెరిచి ఉంచడం. ఏం జరుగుతున్నదో ఆమెకు అర్థమయ్యేలా వివరించడం అందులో మొదటి మెట్టు. నేను ఆనాడు వివరించలేదు. నాకే సరిగా తెలియదు. ఆస్పత్రికి తీసుకువెళ్ళాం, అక్కడ ఒక డాక్టరమ్మ కాగితంమీద మెదడు, అండాశయం బొమ్మలు గీసి బాణాలు పెట్టి చూపించింది. ఆ కాగితాన్ని ఆ అమ్మాయి మడిచి దాచుకోవడం నేను చూశాను.

మన సంప్రదాయంలో ఈ మూడో దారి ఛాయ ఒకటి లేకపోలేదు. రజస్వల అయిన పిల్లకు చిమ్మిలి, సున్నుండలు, నేతితో పులగం పెట్టే ఆచారం చాలాచోట్ల ఉన్నది. మైల, దూరం కూచోపెట్టడం వంటివాటిపై రావలసిన విమర్శ వచ్చింది, ఇంకా రావాలి. కాని ఆ కొద్దిరోజులు ఇంటిల్లిపాదీ ఒక ఆడపిల్ల ఏం తిన్నదో పట్టించుకుంటారు. నువ్వులూ మినుములూ బెల్లమూ నెయ్యీ ఆమెకోసం ప్రత్యేకంగా తీస్తారు. చిక్కల్లా వేళ దగ్గర ఉన్నది. అమ్మాయి ఎత్తు అతివేగంగా పెరిగే కాలం రజస్వల కావడానికి ముందే గడిచిపోతుంది. తరవాత పెరిగేది సగటున కొద్ది సెంటీమీటర్లే. పదకొండేళ్ళ వయసులో, ఎవరూ వేడుక చేయని ఆ రెండేళ్ళలో, శరీరానికి కావలసిన పుష్టిని మనం ఫలితం కనబడ్డాక పెడుతున్నాం. అదీ కొద్దిరోజులు. ఆ తరవాత నెలనెలా ఇనుము కోల్పోయే శరీరం మళ్ళీ వడ్డన వరసలో తన పాత స్థానానికి వెళ్ళిపోతుంది. 'పెద్దమనిషి అయింది' అన్న మాటలో హోదా ఉన్నది, విస్తరిలో ఆ హోదా నిలవడం లేదు.

ఆ సంవత్సరమే వసతిగృహంలో ఒక చిన్న మార్పు చేయగలిగాను. అనారోగ్యమని వచ్చిన పిల్లల వివరాలు రాసుకునే పుస్తకంలో అంతకుముందు 'నెల తప్పినదా?' అని ఒక గడి ఉండేది. ఎవరు పెట్టారో తెలియదు. దాన్ని కొట్టివేసి రెండు గడులు గీశాం. ఒకదానిలో, క్రితంసారి ఎప్పుడు వచ్చింది. రెండోదానిలో, నిన్న రాత్రి ఏం తిన్నావు. మొదటి గడికి పిల్లలు తేదీ చెప్పేవారు. రెండోదానికి చాలామంది కాసేపు ఆలోచించేవారు.